ఇంటర్నెట్‌లో అడ్డుకట్టలు: కాపీరైటు రక్షణకు కొలత యేది?

క్రొత్త చలనచిత్రము విడుదలైన దినముననే దాని దొంగప్రతి ఇంటర్నెట్‌లో వెలయుట నేడు వింత కాదు. ఆ ప్రతిని చూడగోరి వెబ్‌సైటు పేరు టైపు చేసినవానికి చిత్రమునకు బదులుగా, న్యాయస్థానపుటాజ్ఞ ననుసరించి దీనిని నిలిపివేసితిమను ప్రకటన కనబడుటయు వింత కాదు. ఆ ప్రకటన తెరమీదికి వచ్చుటకు ముందు ఎవరు ఎవరిని అడిగిరి, ఎవరు ఆజ్ఞాపించిరి, ఎవరు అమలు జరిపిరి అను విషయము మాత్రము చాలమందికి తెలియదు. ఇది సినిమా నిర్మాతలకును దొంగలకును నడుమ జరుగు తగవు మాత్రమే యని మనము తలంచుట కలదు. ఆ తగవులో ఏ పాపము నెరుగని పాఠకుడును, పరిశోధకుడును కూడ నష్టపోవుచుందురని ఇటీవలి చరిత్ర చెప్పుచున్నది. కావున దీనిని కొంత వివరముగా విచారింతము.

మొదట నష్టమును గూర్చి చెప్పవలెను. ఒక చిత్రము వెనుక నటీనటులే కాక వందలకొలది పనివారి శ్రమ కలదు. అప్పు తెచ్చిన నిర్మాత కలడు. ముందుగా సొమ్ము కట్టిన పంపిణీదారు కలడు. 2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' చిత్రములోని పెద్ద భాగము విడుదలకు ముందే బయటపడినప్పుడు తెలుగు చిత్రపరిశ్రమ యంతయు కలవరపడెను. నిర్మాతలు తాము నిర్ణయించుకొన్న తేదీని విడిచి, ఆ నెల 27వ తేదీననే చిత్రమును విడుదల చేయవలసి వచ్చెను. ప్రేక్షకులు ఆదరించుటచే అది గట్టెక్కినది. అంతటి బలము లేని చిన్న చిత్రమునకు అట్టి ఆపద వచ్చినచో తేరుకొనుట దుర్లభము. కనుక హక్కుదారులు న్యాయస్థానముల తలుపు తట్టుటలో అన్యాయ మేమియు లేదు.

అయితే వారు దొంగను విడిచి ఇంటర్నెట్ సరఫరా చేయు కంపెనీలను ఆశ్రయించుటకు కారణమేమి? ఫైళ్లను పంచుకొను పద్ధతిలోనే దానికి సమాధానమున్నది. టొరెంట్ అను విధానములో చిత్రము ఒకచోట నిలువ యుండదు. దానిని చిన్నచిన్న తునకలుగా విభజింతురు. ఒకని కంప్యూటరునుండి ఒక తునక, వేరొకని నుండి వేరొక తునక వచ్చి, చూడగోరినవాని యంత్రములో ఒక్కటిగా కూడుకొనును. వెబ్‌సైటు చేయునది ఏ తునక ఎచ్చట దొరకునో చెప్పు సూచిక నందించుట మాత్రమే. 2003లో స్వీడనులో పుట్టిన పైరేట్ బే ఈ విధమైన వానిలో ప్రసిద్ధమైనది. అట్టివాని నిర్వాహకులు తరచుగా పరదేశములలో నుందురు, పేరు తెలియనీయరు. చేతికి చిక్కువాడు ఒక్కడే: మన యింటికి ఇంటర్నెట్ తెచ్చిపెట్టు కంపెనీవాడు. కాలువ పైయెత్తున మురికి కలుపువాడు దొరకనప్పుడు దిగువ తూమును మూయుట వంటిది ఈ ఉపాయము.

తూము మూయుటకు ముఖ్యముగా మూడు పద్ధతులు గలవు. ఇంటర్నెట్‌లో ప్రతి వెబ్‌సైటుకును మనము పలుకు పేరొకటి, యంత్రములు గుర్తించు సంఖ్య యొకటి యుండును. పేరును చెప్పిన సంఖ్యను చూపు పట్టిక, టెలిఫోను డైరెక్టరీ వంటిది, కంపెనీవద్ద నుండును. ఆ పట్టికలో పేరును కొట్టివేయుట మొదటి పద్ధతి. ఇది సులభము, వేరొక పట్టికను వాడుకొన్నవానిని మాత్రము ఆపజాలదు.

సంఖ్యనే మూసివేయుట రెండవ పద్ధతి. ఇది మొదటిదానికంటె గట్టిది గాని, దీనిలో ప్రమాదము కలదు. ఒకే వీధితలుపు గల పెద్ద లోగిలిలో పది కాపురములున్నట్లు, ఒకే సంఖ్యపై వందలు వేలు వెబ్‌సైట్లుండవచ్చును. వీధితలుపునకు తాళము వేసినచో దొంగతోపాటు తక్కినవారును లోపలనే చిక్కుకొందురు. 2022 ఆగస్టులో ఆస్ట్రియా దేశమున ఇట్లే జరిగినది. కాపీరైటు తగవు నిమిత్తమై క్లౌడ్‌ఫ్లేర్ అను సంస్థకు చెందిన 11 సంఖ్యలను మూసివేయగా, ఆ తగవుతో ఎట్టి సంబంధమును లేని వేలకొలది వెబ్‌సైట్లు ఆ దేశమువారికి అందకపోయెను.

వెబ్‌సైటులో ఆక్షేపణీయమైన ఒక్క పుటను మాత్రమే ఆపుట మూడవ పద్ధతి. న్యాయము దృష్ట్యా ఇది ఉత్తమము. కాని నేడు చాల వెబ్‌సైట్లు తమ సమాచారమును రహస్య లిపిలో పంపుచున్నవి. కవరుపై చిరునామా కనబడును గాని లోపలి జాబు కనబడదు. ఏ వెబ్‌సైటుకు పోవుచున్నారో కంపెనీకి తెలియును. ఏ పుటను తెరచిరో తెలియదు. అందుచే ఒక్క పుటను ఆపుమన్నను, మొత్తము వెబ్‌సైటునే ఆపుట కంపెనీకి తేలిక. తక్కువగా ఆపినచో న్యాయస్థాన ధిక్కారమను భయము కలదు. ఎక్కువగా ఆపినచో అడుగువారు అరుదు. తూకము ఏ వైపునకు మొగ్గునో ఊహింపవచ్చును.

మన దేశమున కాపీరైటు చట్టము 1957లో ఏర్పడినది. రచయిత జీవితకాలమును, ఆ పిమ్మట 60 సంవత్సరములును గ్రంథముపై హక్కుండును; చలనచిత్రమునకు ప్రచురింపబడిన పిమ్మట 60 సంవత్సరములు. సమాచార సాంకేతిక చట్టము 2000లో వచ్చినది. ఇతరులు పంపుదానికి మధ్యవర్తియగు కంపెనీ సామాన్యముగా బాధ్యత వహింపదనియు, ఆజ్ఞ అందిన పిమ్మటను తొలగింపనిచో ఆ రక్షణ పోవుననియు దాని సారాంశము. 2012లో కాపీరైటు చట్టమును సవరించినప్పుడు, హక్కుదారుని వ్రాతపూర్వకమైన ఫిర్యాదుపై 21 దినములపాటు నిలుపుదల చేయవలెననియు, ఆలోపల న్యాయస్థానపుటుత్తర్వు రానిచో తిరిగి తెరువవచ్చుననియు నియమ మేర్పడినది. ఫిర్యాదు చేసినవాడు గడువులోపల తన వాదమును న్యాయాధిపతి యెదుట నిరూపించుకొనవలెనను భావము దీనిలో నున్నది.

ఈ భావము ఆచరణలో ఎట్లు నడచినది? 2012లోనే మద్రాసు హైకోర్టు '3' అను తమిళ చిత్రము విషయమునను, 'దమ్ము' అను తెలుగు చిత్రము విషయమునను ఉత్తర్వులిచ్చెను. ప్రతివాది ఎవరో తెలియనప్పుడు ఊహానామముతో ఇచ్చునట్టి ఉత్తర్వులివి. మన దేశమున వీనికి అశోక్ కుమార్ ఉత్తర్వులని పేరు వచ్చినది. వానిని పురస్కరించుకొని ఇంటర్నెట్ కంపెనీలు పైరేట్ బేతోపాటు విమియో, డెయిలీమోషన్, పేస్ట్‌బిన్ వంటివానిని కూడ మూసివేసినవి. తమ పెండ్లి చిత్రములను, తాము తీసిన చిన్న చిత్రములను అచ్చట ఉంచుకొన్నవారికిని తలుపు మూతపడెను. జూన్ నెలలో హైకోర్టు, తన యుత్తర్వు ఆ చిత్రముల దొంగప్రతులున్న నిర్దిష్టమైన చిరునామాలకే గాని మొత్తము వెబ్‌సైట్లకు వర్తింపదని స్పష్టపరచినది.

2016లో బొంబాయి హైకోర్టునకు 'ఢిషూమ్' అను హిందీ చిత్రము విషయమై అభ్యర్థన వచ్చినది. జస్టిస్ గౌతమ్ పటేల్ మొత్తము వెబ్‌సైట్లను మూయింపుడను కోరికను వెంటనే అంగీకరింపలేదు. ఏయే చిరునామాలో దొంగప్రతి యున్నదో పరిశీలించి, ప్రమాణముతో చెప్పుమనిరి. అట్లు చూపిన చిరునామాలనే నిలుప ననుమతించిరి. అంతతో విడువక, నిలిపివేసిన పుటపై దావా వివరములు ప్రకటింపవలెననియు, నష్టపోయినవారు న్యాయస్థానమునకు వచ్చి చెప్పుకొనవచ్చునని తెలుపవలెననియు ఆదేశించిరి. ఆ సంవత్సరమే ఒక యుత్తర్వులో, కేవలము చూచుట నేరము కాదనియు, అనుమతి లేక పంచుట, ప్రదర్శించుట, అద్దెకో అమ్మకమునకో ఇచ్చుట నేరమనియు వివరించిరి. ప్రజలను బెదరించు ప్రకటనకంటె వారికి దారి చూపు ప్రకటన మేలని ఈ యుత్తర్వుల వలన తెలియుచున్నది.

ఆ జాగ్రత్త లోపించినచో ఏమగునో మరుసటి సంవత్సరమే కనబడినది. 2017 ఆగస్టులో హిందీ చిత్రనిర్మాతలు కోరగా మద్రాసు హైకోర్టు ఇచ్చిన యుత్తర్వులతో 2,600కు పైగా వెబ్‌సైట్లు మన దేశమున నిలిచిపోయినవి. వానిలో ఇంటర్నెట్ ఆర్కైవ్ ఒకటి. ఇది అమెరికాలో వెలసిన ఉచిత గ్రంథాలయము. భారత డిజిటల్ లైబ్రరీ పేరున మన గ్రంథాలయములలో స్కాను చేయబడిన పుస్తకముల ప్రతులు లక్షల సంఖ్యలో అందు కలవు. వానిలో తెలుగు గ్రంథములు వేలకొలది. అచ్చులో మరల రాని శతకములు, నిఘంటువులు, పాత పత్రికల సంపుటములు పలువురు తెలుగువారికి అచ్చటనే లభించుచున్నవి. పల్లెలో కూర్చుండి పరిశోధన చేయు ఉపాధ్యాయునకు దానికి సాటియగు గ్రంథాలయము దగ్గరలో లేదు. తమకు ముందుగా ఎట్టి వర్తమానమును అందలేదని ఆ సంస్థవారు తెలిపిరి. పిమ్మట అడ్డు తొలగినది. కాని ఒక సినిమా ప్రతికొరకు ఒక గ్రంథాలయమునకే తాళము పడుట, అదియు గ్రంథాలయాధికారిని పిలిచి ఒక్క మాట అడుగక జరుగుట, మరువరాని సంగతి.

ఆపై ధోరణి మారినది. 2019 ఏప్రిల్ 10వ తేదీన ఢిల్లీ హైకోర్టులో జస్టిస్ మన్మోహన్ ఇచ్చిన తీర్పు ఇందులో మైలురాయి. ముఖ్యముగా దొంగప్రతులకొరకే నడచు వెబ్‌సైటును మొత్తముగా ఆపవచ్చునని ఆ తీర్పు చెప్పినది. దానిని గుర్తించుటకు లక్షణములను కూడ పేర్కొన్నది: యజమాని తన పేరు దాచుట, ఫిర్యాదులను లెక్కచేయకుండుట, అడ్డును దాటు మార్గములను తానే నేర్పుట మొదలైనవి. అట్టి వెబ్‌సైటు పేరు మార్చుకొని మరల వచ్చినచో క్రొత్త దావా వేయనక్కరలేదు. జాయింట్ రిజిస్ట్రారునకు దరఖాస్తు చేసిన చాలును. 2023 ఆగస్టులో అదే హైకోర్టున జస్టిస్ ప్రతిభా సింగ్ ఇచ్చిన యుత్తర్వు ఆ రక్షణను ఇకమీద తయారగు చిత్రములకు కూడ విస్తరింపజేసినది. ఆ సంవత్సరమే సినిమాటోగ్రాఫ్ చట్టమును సవరించి, దొంగచాటుగా చిత్రమును ముద్రించినవారికి 3 నెలలనుండి 3 సంవత్సరములవరకు ఖైదు విధింప వీలు కల్పించిరి. ఫిర్యాదు వచ్చిన 48 గంటలలో చర్య తీసికొనుటకు సమాచార ప్రసార మంత్రిత్వశాఖ నవంబరులో అధికారులను నియమించినది.

ఈ వేగమునకు కారణమున్నది. చిత్రమునకు రాబడి మొదటి వారములోనే అధికము; ఆరు నెలలకు వచ్చు తీర్పు దానిని కాపాడజాలదు. అయితే వేగము పెరిగిన కొలది పొరపాటును దిద్దుకొను ఏర్పాటును అంతే వేగముగా నుండవలెను. ఇటలీలో 2024లో ప్రారంభించిన పైరసీ షీల్డు అను విధానములో 30 నిమిషములలో అడ్డు వేయవలెనని నియమము. ఆ అక్టోబరులో అది గూగుల్ డ్రైవ్‌నకు సంబంధించిన చిరునామానే మూసివేసెను. తమ ఫైళ్లు తమకే అందక సామాన్యులు ఇక్కట్ల పాలైరి.

ఇక అడ్డుకట్ట ఎంత బలమైనదైనను దొంగతనమునకు మూలమును తాకదు. 'అత్తారింటికి దారేది' ప్రతి బయటికి వచ్చినది చిత్రమునకు పనిచేసినవారిలో ఒకని ద్వారానేయని పోలీసులు ప్రకటించిరి. ఇంటిలోనుండి పోవు సొమ్మునకు వీధిచివర కాపలా చాలదు. స్టూడియోలో ప్రతులపై అదుపు, థియేటరులో కెమెరాపై నిఘా, దొంగప్రతులతో సొమ్ము చేసికొనువారిపై నేరవిచారణ, చిత్రమును చవుకగా చట్టబద్ధముగా అందించు ఏర్పాటు: ఇవి కూడ అవసరము.

కావున అడ్డు వేయునప్పుడు మూడు ప్రశ్నలకు సమాధానముండవలెను. ఆపదలచినది ఏది అని నిర్దిష్టముగా చూపి, దానిని ఎవరైన పరిశీలించిరా? ఎవరి ఆజ్ఞపై, ఎందుకు ఆపిరో చూడవచ్చినవానికి తెలియజేసిరా? పొరపాటున చిక్కుకొన్నవాడు ఎక్కడికి పోవలెనో, ఎన్నాళ్లలో విడుదల కాగలడో చెప్పిరా? ఈ మూడును 2016 నాటి బొంబాయి యుత్తర్వులలో చాలవరకు కలవు. కనుక అసాధ్యములని చెప్పుటకు వీలులేదు. నిర్మాతకు న్యాయము సత్వరముగా జరుగవలెను. ఆ న్యాయము జరుగునప్పుడు, పాత నిఘంటువును తెరువబోయిన ఉపాధ్యాయునకు తలుపు ఎందుకు మూసియున్నదో చెప్పువాడొకడు ఉండవలెను.