మందుతోపాటు ముద్ద కూడా

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌లలో కాపురముంటున్న మనలో అనేకులకు నల్గొండ వైపు పల్లెల్లో బంధువులున్నారు. వారిలో ఒకరికి క్షయ సోకితే మనమేం చేయగలం?

మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితమే. సాధారణంగా ఆరు నెలలు విడువక వాడాలి. దగ్గు తగ్గిందని మధ్యలో మానితే రోగం తిరగబెట్టి, మందుకు లొంగకపోవచ్చు. అయితే కూలికి పోలేని ఇంట్లో తిండికే కరవు.

దీర్ఘ చికిత్సకు దాతల చేయూత మనకు కొత్త కాదు. 1915లో డిచ్‌పల్లిలో మిషనరీ వైద్యురాలు ఇసబెల్ కెర్ స్థాపించిన కుష్ఠు ఆసుపత్రికి హిందువైన రాజా నర్సాగౌడ్ ధనమిచ్చారు.

2022లో ఆరంభమైన ‘నిక్షయ్ మిత్ర’ పథకం ద్వారా సంఘాలు కూడా రోగి సమ్మతితో నెలనెలా పౌష్టికాహారం అందించవచ్చు. మన పల్లె ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, ఒక్క రోగికైనా తోడుంటామని చెబుదాం.