కష్టం ఇంటిది, కరిగేది ఎవరి ఆస్తి?

పంట పోయినా, మంచాన పడినా, వరదొచ్చినా "ఆ ఇల్లు దెబ్బతింది" అంటాం. పరిహారం రాసే అధికారీ, అప్పిచ్చే బ్యాంకూ అలాగే లెక్కేస్తారు. కానీ ఇంట్లో ఉన్నదంతా ఒకే చేతిలో ఉండదు. పొలం పట్టా, ట్రాక్టరు, బండి మామూలుగా మగవాళ్ల పేరున ఉంటాయి. ఆడవాళ్లకంటూ ఉండేవి పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం, ఒకటి రెండు మేకలు, కోళ్లు, ఇత్తడి సామాను, పొదుపు సంఘంలో దాచుకున్న నాలుగు డబ్బులు. చేతికి డబ్బు కావాల్సి వచ్చినప్పుడు అమ్మడానికి ఏది తేలికో అదే ముందు గడప దాటుతుంది. ఆ తేలికైనవి ఎక్కువగా ఆమెవే.

పొలం అమ్మాలంటే కొనేవాడు దొరకాలి, బేరం తెగాలి, రిజిస్ట్రేషన్ కావాలి. పైగా ఊళ్లో పరువు సమస్య. బంగారానికి ఇవేవీ అక్కర్లేదు. మెళ్లో గొలుసు తీసి, పుస్తెల్ని పసుపుతాడుకు గుచ్చుకుని, ఆ గొలుసు చేతికిస్తుంది. కుదువ పెట్టుకునే చోట దాన్ని గీటురాయి మీద గీసి చూస్తారు. రాళ్ల బరువు, తరుగు తీసేసి తూకం వేస్తారు. కవర్లో పెట్టి సీలు వేస్తారు. మధ్యాహ్నానికల్లా డబ్బు చేతిలో ఉంటుంది. ఏడాది తిరిగేసరికి అసలు కట్టలేక వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించడం మొదలవుతుంది. అదీ కట్టలేనప్పుడు వేలం నోటీసు వస్తుంది. రిజర్వు బ్యాంకు చాలా ఏళ్ల పాటు బంగారం విలువలో 75 శాతానికి మించి అప్పు ఇవ్వనివ్వలేదు. కరోనా కష్టకాలంలో, 2020 ఆగస్టులో, బ్యాంకులకు ఆ హద్దును 2021 మార్చి ఆఖరు దాకా 90 శాతానికి పెంచింది. ఇళ్లు గడవడానికి ఇదొక దారి అయింది, నిజమే. అయితే ఆ దారి ఎవరి మెడ మీదుగా వెళ్లిందో కూడా చెప్పుకోవాలి.

ఆ బంగారం ఆమె సొంతమని చట్టం ఎప్పుడో చెప్పింది. స్త్రీధనం మీద భర్తకు హక్కు లేదనీ, కష్టకాలంలో వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిన నైతిక బాధ్యత అతనిదేననీ సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో మరోసారి స్పష్టం చేసింది. ఇళ్లలో జరిగేది మాత్రం వేరు. పంట చేతికొస్తే ముందు ఎరువుల కొట్టు బాకీ, ఆ తర్వాత చేబదుళ్లు, పిల్లల ఫీజులు. గొలుసు విడిపించడం వచ్చే ఏటికి వాయిదా పడుతుంది. ఇంట్లో అప్పుకు గడువు ఉండదు, అడిగితే తగువు.

మేకలదీ అదే కథ. అనంతపురం లాంటి మెట్ట ప్రాంతంలో వానలు పడకపోతే మేత కరవవుతుంది. అందరూ ఒకేసారి సంతకు తోలుతారు, ధర పడిపోతుంది. ఆ ధరకు అమ్ముకున్నామె మళ్లీ కొనే నాటికి వానలు పడి రేటు పెరిగి ఉంటుంది. ఒకే కరువులో ఆమె రెండుసార్లు నష్టపోతుంది.

ప్రతి దెబ్బా ఆడవాళ్ల ఆస్తికే తగులుతుందని అనుకుంటే పొరపాటు. బంగ్లాదేశ్, ఉగాండాల్లో ఒకే ఇంటి భార్యాభర్తల ఆస్తుల్ని విడివిడిగా లెక్కగట్టి చూసిన పరిశోధకులకు చిత్రం కలగాపులగంగానే కనిపించింది. బంగ్లాదేశ్‌లో వాతావరణం దెబ్బతీస్తే భర్తల ఆస్తి తరిగింది. తిండి ధరలు పెరిగినప్పుడు భార్యల ఆస్తి తరిగింది. ఉగాండాలో కరువు భార్యల ఆస్తిని తగ్గించింది, భర్తలది నిలబడింది. మన దగ్గరా బోర్ల మీద బోర్లు వేసి, ఎద్దులమ్మి, పొలం పోగొట్టుకున్న మగ రైతులు తక్కువేం కాదు. అందుకే ఏ దెబ్బకు ఎవరిది పోయిందన్నది ప్రతిసారీ విడిగా అడగాల్సిన ప్రశ్న.

అడగకపోతే ఏమవుతుందో వరదల్లో కనిపిస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ లాంటి కాలనీలు మునిగాయి. నీట మునిగిన కింది అంతస్తు ఇంటికి ప్రభుత్వం 25 వేల రూపాయలు, పై అంతస్తుకు 10 వేలు ప్రకటించింది. సాయం మంచిదే. కానీ ఇంటిని ఒక లెక్కగా చూసే ఏ జాబితాలోనూ ఆ ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బతికే ఆమె నష్టం విడిగా కనపడదు. ఆ మిషను ఆమె జీవనాధారం. పరిహారంలో ఫ్రిజ్జు, మంచం, మిషను అన్నీ కలిసిపోతాయి. ముందు ఏది కొనాలో ఇంట్లో ఎవరి మాట చెల్లితే వాళ్లు తేలుస్తారు.

భూమి సంగతి మరీ పాతది. కూతుళ్లకు పిత్రార్జితంలో సమాన వాటా ఇస్తూ మన రాష్ట్రం ఎన్టీ రామారావు హయాంలోనే చట్టం తెచ్చింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. అయినా 2015–16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో నూటికి దాదాపు 14 కమతాలే ఆడవాళ్ల చేతిలో ఉన్నాయి. పంట రుణం నుంచి పీఎం కిసాన్ దాకా చాలా సాయాలు పట్టాను చూసే వస్తాయి. కాబట్టి కరువులో మేకలు అమ్ముకున్న ఆమెకు తిరిగి లేవడానికి ఆసరా కూడా తక్కువ.

మార్చుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. నష్టం రాసుకునే కాగితంలో ఏ వస్తువు ఎవరిదో ఒక గడి చేర్చడానికి ఖర్చేమీ లేదు. చిన్న జీవాలకూ, కుట్టుమిషన్లకూ విడిగా సాయం రాయవచ్చు, ఆ డబ్బు ఆమె ఖాతాలోనే వేయవచ్చు. ఇంట్లో అయితే, గొలుసు కుదువ పెట్టక తప్పనప్పుడు అప్పు ఆమె పేరునే తీసుకోవాలి. అప్పుడు రసీదు ఆమె దగ్గరుంటుంది, నోటీసు ఆమెకే వస్తుంది, బాకీ తీరిన రోజున సీలు కవరు ఆమె చేతికే ఇస్తారు.