ముఖప్రక్షాళనం - చర్మానికి కలిగే మేలెంత?

శరీరంలోని మిగిలిన భాగాలను బట్టలతో కప్పుకుంటాము గాని ముఖాన్ని కప్పుకోము. ఎండ, గాలి, దుమ్ము, పొగ అన్నీ మొదట తాకేది దానినే. అందుచేత ముఖాన్ని శుభ్రపరచుకొనే అలవాటు మానవజాతికి అనాదిగా ఉన్నది. పండుగనాడు నూనె అంటి తలంటిపోయడం, పెండ్లికి ముందు నలుగు పెట్టడం మన ఇండ్లలో తరతరాలుగా వస్తున్న ఆచారాలే. నేడు పట్టణాలలోనే గాక మండల కేంద్రాలలో కూడ బ్యూటీ పార్లర్లు వెలిసినవి. అక్కడ ఒక గంటసేపు జరిగే ముఖప్రక్షాళనాన్ని 'ఫేషియల్' అంటారు. చేయించుకున్నవారి ముఖం ఆనాడు నిగనిగలాడుతుంది. అయితే ఆ నిగారింపు ఎక్కడనుంచి వచ్చింది? ఎన్నాళ్లుంటుంది? దానివలన చర్మానికి నిజంగా మేలెంత, కీడెంత? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పాలంటే ముందుగా చర్మ నిర్మాణాన్ని తెలుసుకోవాలి.

చర్మం - ఇటుకల గోడ

చర్మంలో ముఖ్యంగా రెండు భాగాలున్నవి. పైది బాహ్యచర్మం, దాని క్రిందిది అంతశ్చర్మం. రక్తనాళాలు, నాడులు, స్వేదగ్రంథులు, తైలగ్రంథులు అంతశ్చర్మంలో ఉంటాయి. బాహ్యచర్మంలో రక్తనాళాలు లేవు. దాని అడుగుపొరలో కణాలు నిరంతరం విభజన చెందుతూ, క్రొత్తవి పుట్టినకొద్దీ పాతవి పైకి నెట్టబడతాయి. పైకి వచ్చేకొలది అవి చదునై, కేంద్రకాన్ని కోల్పోయి, కెరటిన్ అనే ప్రోటీనుతో నిండి, చివరకు మృతకణాలవుతాయి. అడుగున పుట్టిన కణం పైకి చేరి రాలిపోవడానికి యౌవనంలో సుమారు 4 వారాలు పడుతుంది. వయసు మళ్లినకొద్దీ ఈ కాలం పెరుగుతుంది.

ఈ మృతకణాల పొర మందం ముఖంమీద మిల్లీమీటరులో నూరవవంతు ప్రాంతంలో ఉంటుంది. ఇంత పలుచని పొర కేవలం రాలిపోవలసిన చెత్త అనుకోరాదు. మృతకణాలు ఇటుకలవలె పేర్చబడి ఉండగా, వాటి మధ్య సెరమైడులు, కొలెస్టరాల్, క్రొవ్వు ఆమ్లాలు సున్నంవలె అతికి ఉంటాయి. శరీరంలోని నీరు ఆవిరైపోకుండా లోపల నిలిపేది, బయటి సూక్ష్మజీవులను లోపలికి రానీయనిది ఈ గోడయే. ముఖప్రక్షాళనంలోని మేలుకీడులన్నీ ఈ గోడను మనం ఎట్లా చూసుకుంటామన్న దానిపై ఆధారపడి ఉన్నవి.

ముఖంమీది మలినం

ముఖంమీద పేరుకొనే మలినం నాలుగు విధాలు. చెమట ఆరిపోగా మిగిలిన ఉప్పు మొదటిది. తైలగ్రంథులు స్రవించే జిడ్డు రెండవది. రాలవలసి ఉండి ఇంకా రాలని మృతకణాలు మూడవది. బయటినుంచి వచ్చిన దుమ్ము, మసి, పూసుకున్న పౌడర్లు, క్రీములు నాలుగవది. ఉప్పు నీటిలో కరిగిపోతుంది. జిడ్డు కరగదు. దుమ్మూ మసీ జిడ్డును అంటిపెట్టుకొని ఉంటాయి గనుక ఒట్టి నీటితో అవి కూడ పూర్తిగా పోవు.

శరీరంలో నెత్తి, ముఖం, ఛాతీ, వీపు - వీటిలో తైలగ్రంథులు ఎక్కువ. సాధారణంగా తైలగ్రంథి రోమకూపంలోనికి తెరచుకొని ఉంటుంది. కౌమారంలో ఆండ్రోజన్ హార్మోనుల ప్రభావంవలన ఈ గ్రంథులు పెద్దవై ఎక్కువ జిడ్డును స్రవిస్తాయి. ఎనిమిది, తొమ్మిది తరగతులలో మొటిమలు మొదలుకావడానికి ఇది ముఖ్య కారణం.

సబ్బు ఏమి చేస్తుంది?

క్రొవ్వులు గ్లిసరిన్, క్రొవ్వు ఆమ్లాలు కలిసి ఏర్పడిన పదార్థాలని నిరూపించినవాడు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రెల్. ఈ పరిశోధనలను ఆయన 1823లో గ్రంథరూపంలో ప్రకటించాడు. క్రొవ్వును క్షారంతో కాచినప్పుడు ఏర్పడే క్రొవ్వు ఆమ్లపు లవణమే సబ్బు. సబ్బు అణువుకు ఒక కొన నీటిని కోరుతుంది, రెండవ కొన నూనెను కోరుతుంది. నీటిలో తగినంత సబ్బు ఉన్నప్పుడు ఈ అణువులు గుంపులై, నూనెను కోరే కొనలను లోపలికి, నీటిని కోరే కొనలను బయటికి పెట్టుకొని గోళాలుగా ఏర్పడతాయి. వీటిని మిసెల్‌లు అంటారు. ముఖంమీది జిడ్డు ఈ గోళాల లోపల చిక్కుకొని నీటితోపాటు కొట్టుకొనిపోతుంది.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. సబ్బుకు మంచి జిడ్డు, చెడ్డ జిడ్డు అనే తేడా తెలియదు. పైపై జిడ్డుతోపాటు ఇటుకల మధ్యనున్న సున్నాన్ని కూడ కొంత లాగివేస్తుంది. అంతేగాక ఆరోగ్యకరమైన చర్మపు ఉపరితలం కొద్దిగా ఆమ్లగుణం కలది. దాని పి.హెచ్. సుమారు 4.5 నుంచి 5.5 వరకు ఉంటుంది. షేడ్, మార్కియోనిని అనే జర్మన్ శాస్త్రజ్ఞులు 1928లో దీనిని చర్మపు 'ఆమ్లకవచం' అని వర్ణించారు. మామూలు సబ్బునురుగు పి.హెచ్. 9, 10 ప్రాంతంలో ఉంటుంది. కడుగుకొన్న తరువాత ముఖం బిగుసుకొన్నట్లు తోచడం పరిశుభ్రతకు గుర్తు కాదు. గోడలోని సున్నం రాలినదనడానికి గుర్తు. బోరుబావుల కఠినజలంలోనైతే కాల్షియంతో కలిసి సబ్బు తెట్టు కట్టి చర్మంమీదనే నిలిచిపోతుంది. ఈ కారణాలచేతనే పార్లర్లలోను, చర్మవైద్యుల సలహాలలోను సబ్బుకు బదులు క్షారగుణం లేని కృత్రిమ ప్రక్షాళకాలు వాడుకలోనికి వచ్చినవి.

మన నలుగు పద్ధతిలోను రసాయన శాస్త్రం లేకపోలేదు. ముందు పట్టించిన నూనె చర్మంమీది జిడ్డును తనలో కరిగించుకుంటుంది. తరువాత రుద్దే సున్నిపిండి ఆ నూనెను పీల్చుకొని, వదులైన మృతకణాలతో సహా రాలిపోతుంది. కుంకుడుకాయలోని సపోనిన్లు సబ్బు అణువులవలెనే పనిచేస్తాయి గాని వాటి రసం క్షారం కాదు.

ఫేషియల్‌లోని దశలు

పార్లరులో జరిగే పని సాధారణంగా ఈ వరుసలో సాగుతుంది. మొదట ప్రక్షాళకంతో ముఖాన్ని తుడుస్తారు. దీని సంగతి పైన చెప్పుకున్నాము.

తరువాత ఆవిరి పడతారు. ఆవిరికి రోమకూపాలు తెరచుకుంటాయని, చల్లనినీటికి మూసుకుంటాయని చాలామంది నమ్మకం. రోమకూపపు నోటిని తలుపువలె తెరిచి మూసే కండరమేదీ లేదు. ఆవిరివలన జరిగేవి మూడు పనులు: మృతకణాల పొర నీటిని పీల్చి మెత్తబడుతుంది, రోమకూపంలోని జిడ్డు వేడికి పలుచబడుతుంది, అంతశ్చర్మంలోని రక్తనాళాలు వ్యాకోచిస్తాయి.

మూడవది మృతకణాలను తొలగించడం. గరుకు పదార్థంతో రుద్దడం ఒక పద్ధతి. అల్యూమినియం ఆక్సైడ్ స్ఫటికాలను చర్మంమీదికి చిమ్మి పీల్చివేసే యంత్రం 1985లో ఇటలీలో రూపొందినది. నీటిధారతో కడుగుతూ పీల్చే యంత్రాలు ఆ తరువాత వచ్చినవి. రసాయనాలతో తొలగించడం రెండవ పద్ధతి. చెరకులో ఉండే గ్లైకోలిక్ ఆమ్లం, పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లం మొదలైనవి మృతకణాల మధ్య పట్టును సడలిస్తాయి. ఈ ఆమ్లాల ప్రభావాన్ని వాన్ స్కాట్, యూ అనేవారు 1974లో ప్రకటించారు. సాలిసిలిక్ ఆమ్లం నూనెలో కరిగే గుణం కలది. కనుక జిడ్డుతో నిండిన రోమకూపంలోనికి అది సులువుగా చొరబడుతుంది.

నాల్గవది నల్లమచ్చల తొలగింపు. జిడ్డూ మృతకణాలూ కలిసి రోమకూపంలో బిరడావలె బిగుసుకొని, పైన గాలి తగులుతూ ఉంటే ఆ కొన నల్లబడుతుంది. ఆ నలుపు మురికి కాదు. మెలనిన్, ఆక్సీకరణం చెందిన జిడ్డు దానికి కారణం. ఎంత కడిగినా అది పోకపోవడం ఇందువలననే. మెత్తబడిన బిరడాను చిన్న పరికరంతో నొక్కి తీయడం నేర్పు గలవారు చేస్తే ఉపయోగకరమే. అయితే గ్రంథి పని ఆగదు గనుక కొద్ది వారాలలో అది తిరిగి నిండుతుంది.

చివరకు మర్దనం చేసి, లేపనం వేసి, తేమను నిలిపే క్రీము రాస్తారు. మర్దనంవలన కొంతసేపు రక్తప్రసారం పెరుగుతుంది, మనస్సుకు విశ్రాంతి కలుగుతుంది. బంకమట్టి లేపనాలు జిడ్డును పీల్చుకుంటాయి. క్రీములోని గ్లిసరిన్ నీటిని పట్టి ఉంచుతుంది.

నిగారింపు ఎక్కడిది?

చలికాలంలో పొడిబారిన చేతిమీద గోటితో గీస్తే తెల్లని గీత పడుతుంది. తడిచేయి రాస్తే ఆ గీత మాయమవుతుంది. దీనిలోని భౌతికశాస్త్రమే ఫేషియల్ నిగారింపులోను ఉన్నది. కెరటిన్ వక్రీభవన గుణకం సుమారు 1.55, గాలిది 1. పైకి లేచిన మృతకణాల మధ్య గాలి చేరినప్పుడు ఈ పెద్ద తేడావలన వెలుగు అన్నివైపులకు చెదిరి చర్మం పేలవంగా, బూడిద పూసినట్లు కనిపిస్తుంది. వదులైన కణాలు పోయి, మిగిలినవాటి మధ్య నీరు చేరితే, నీటి గుణకం 1.33 గనుక తేడా తగ్గుతుంది, చెదరడం తగ్గుతుంది. ఉపరితలం నునుపై వెలుగును ఒక క్రమంలో ప్రతిఫలిస్తుంది. పైగా నీటిని పీల్చిన పొర ఉబ్బడంచేత సన్నని ముడతలు కొంతసేపు కనబడవు. రక్తనాళాల వ్యాకోచంవలన కొంత ఎరుపు చేరుతుంది.

కనుక నిగారింపు భ్రమ కాదు, యథార్థమే. కాని అది పై పొరకు సంబంధించినది. ఎరుపు కొన్ని గంటలలోను, నునుపు కొన్ని దినాలలోను తగ్గిపోతుంది. ఫేషియల్ చర్మంలోని 'విషాలను' బయటికి లాగుతుందనే మాటకు ఆధారం లేదు. శరీరంలోని వ్యర్థాలను తొలగించే పని కాలేయానిది, మూత్రపిండాలది. చర్మపు సహజవర్ణం దీనివలన మారదు. ఆ వర్ణాన్ని నిర్ణయించే మెలనిన్‌ను తయారుచేసే కణాలు బాహ్యచర్మపు అడుగుపొరలో ఉన్నవి.

ప్రమాదాలు

విద్యార్థులకు ముఖ్యంగా చెప్పవలసినది మొటిమల విషయం. ఎర్రబడి చీముపట్టిన మొటిమను నొక్కితే రోమకూపపు గోడ చిట్లి, లోపలి పదార్థం అంతశ్చర్మంలో పడి వాపు మరింత పెరుగుతుంది. మన దేశీయుల చర్మంలో వాపు తగ్గినచోట నల్లమచ్చ ఏర్పడి నెలల తరబడి ఉండిపోతుంది. గరుకు పదార్థాలతో రుద్దినా ఇదే ఫలితం. మొటిమలు మురికివలన వచ్చినవి కావు. అవి గల పిల్లవానిని శుభ్రత లేనివాడని హేళన చేయడం శాస్త్రవిరుద్ధం. వాటికి చికిత్స పార్లరులో కాదు, చర్మవైద్యుని వద్ద ఉన్నది.

పరికరాల శుభ్రత రెండవ విషయం. 2018లో అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో, లైసెన్సు లేని ఒక స్పాలో రక్తంలోని భాగాన్ని సూదులతో ముఖంలోనికి ఎక్కించే 'వాంపైర్ ఫేషియల్' చేయించుకున్న స్త్రీకి హెచ్.ఐ.వి. సోకినట్లు తేలింది. అక్కడే సోకిన మరికొందరి వివరాలతో ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రం 2024లో నివేదిక ప్రకటించింది. సూది గుచ్చే పని ఏదైనా అది సౌందర్యపోషణ కాదు, వైద్యం. దానిని వైద్యులే చేయాలి.

అన్నిటికంటే భయంకరమైనది తెల్లదనం ఆశ చూపే క్రీముల సంగతి. పాదరసపు లవణాలు మెలనిన్ తయారీకి అవసరమైన టైరోసినేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటాయి. అందుచేత రంగు కొంత తగ్గినట్లు కనిపిస్తుంది. కాని పాదరసం చర్మంగుండా రక్తంలో చేరి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కేరళలో 2021-2023 మధ్య ఇటువంటి క్రీములు వాడినవారిలో మూత్రపిండాల వ్యాధిని వైద్యులు గుర్తించారు. మన దేశంలో 2020 నాటి సౌందర్యసాధనాల నియమావళి ప్రకారం, కంటికి వాడేవి తప్ప మిగిలిన సాధనాలలో, అనుకోకుండా కలిసిన పాదరసం సైతం పదిలక్షల భాగాలలో 1 భాగాన్ని మించరాదు. తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు లేని డబ్బాను ముట్టుకోకపోవడమే మేలు. స్టెరాయిడ్ కలిసిన లేపనాలు కూడ మొదట ముఖాన్ని తేటపరచినట్లు కనిపించి, తరువాత చర్మాన్ని పలుచన చేసి, మొటిమలను, ఎర్రని రక్తనాళాలను పైకి తెస్తాయి. 2018లో 14 రకాల స్టెరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని కేంద్రప్రభుత్వం ఉత్తరువు జారీ చేసింది.

తరగతిలో చేయదగిన ప్రయోగం

తెల్లకాగితపు ముక్కలకు పసుపునీరు పట్టించి ఆరబెట్టండి. ఒకదానిమీద సబ్బునీటిని, ఇంకొకదానిమీద కుంకుడురసాన్ని, మరొకదానిమీద పార్లర్లలో వాడే రకపు ప్రక్షాళకాన్ని నీటిలో కలిపి ఒక్కొక్క బొట్టు వేయండి. సబ్బునీరు పడినచోట పసుపు ఎర్రబడుతుంది. కుంకుడురసం పడినచోట పసుపుగానే ఉంటుంది. మూడవదాని ఫలితాన్ని విద్యార్థులే చూచి, అది క్షారమో కాదో నిర్ణయించాలి. వేరొక కాగితంమీద నూనెబొట్టు వేసి వెలుగుకు పట్టి చూపండి. కాగితపు పోగుల మధ్యనున్న గాలి స్థానంలో నూనె చేరి, వెలుగు చెదరడం తగ్గి, ఆ భాగం పారదర్శకమైనట్లు కనిపిస్తుంది. ముఖపు నిగారింపు రహస్యం దీనిలో ఉన్నది.

సారాంశం ఏమనగా, నేర్పు గలవారు శుభ్రమైన పరికరాలతో చేసిన ముఖప్రక్షాళనం పైపొరను తేటపరచి, జిడ్డు బిరడాలను తీసి, కొన్ని దినాలు చర్మాన్ని మృదువుగా ఉంచగలదు. అంతకు మించిన ఫలితాలను దానినుంచి ఆశించరాదు. దినానికి రెండుమార్లు మృదువైన ప్రక్షాళకంతో గోరువెచ్చని నీట ముఖం కడుగుకొని, పొడిబారిన చర్మానికి తేమనిచ్చే క్రీము రాసి, తీవ్రమైన ఎండనుండి ముఖాన్ని కాపాడుకొనేవారికి ఆ మేలులో అధికభాగం ఇంటివద్దనే లభిస్తుంది.