మనకు కలిసొచ్చిన పొరపాటు

రంజాన్ నెలవంకకు ఇంకా నాలుగు రోజులుందనగా విజయవాడ వన్‌టౌన్‌కు వెళ్లి నెలకు సరిపడా సరుకులు తెచ్చుకున్నాము. కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల ఆ రోజుల్లో నిలబడడానికి చోటుండదు. బిల్లు కొట్టే కుర్రవాడు తలెత్తకుండా కొడుతుంటాడు, వెనుక నుంచి తొందరపెట్టేవాళ్లు పెడుతుంటారు. అక్కడ నిలబడి చదవడం కుదరక బిల్లు జేబులో వేసుకుని వచ్చేశాము.

ఇంటికి వచ్చాక సరుకులన్నీ బయటపెట్టి, బిల్లులో ఒక్కొక్కదానికీ టిక్కు పెట్టడం మా అలవాటు. మొదట నెయ్యి దగ్గర ఆగాము. డబ్బా మీద పాత ధర 700 రూపాయలు, పక్కనే 656 అని అతికించిన కొత్త చీటీ. 2025 సెప్టెంబరు 22 నుంచి నెయ్యి మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కదా, ఆ తేడా అది. బిల్లులో మాత్రం 700 పడింది. 44 రూపాయలు ఎక్కువ! ఇప్పుడే వెళ్లి అడగాలని లేచాము.

“ఖర్జూరం మూడు డబ్బాలు తెచ్చారు కదా బేటా, బిల్లులో రెండే ఉన్నాయే?” అంది అమ్మీ.

డబ్బా 210 రూపాయలు. నిజం చెప్పాలంటే మేము మళ్లీ కూర్చున్నాము. వాళ్లు అక్కడ ఎక్కువ తీసుకున్నారు, ఇక్కడ తక్కువ తీసుకున్నారు, సరికి సరి అనే మాట నోటి దాకా వచ్చింది. సరికి సరి కాదని, 166 రూపాయలు మావైపే మొగ్గిందని తెలిసి కూడా.

నెయ్యి వరకు న్యాయం మా పక్షానే ఉంది. ప్యాకెట్ మీద ముద్రించే గరిష్ఠ చిల్లర ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. 2009 నాటి తూనికలు కొలతల చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనల ప్రకారం దుకాణదారు అంతకంటే తక్కువకు అమ్మవచ్చు, ఎక్కువకు అమ్మరాదు. ధర తగ్గించే చీటీ అతికించవచ్చు, అదీ పాత ధర కనబడేలా. పెంచే చీటీ అతికించే హక్కు ఆయనకు లేదు. అడిగినా వినని చోట ఫిర్యాదు చేయడానికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

బియ్యం కొనేటప్పుడు జరిగే పొరపాటు మరో రకం. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ఉన్న లేబుల్ బస్తాలపై 5 శాతం జీఎస్టీ పడింది. దాన్ని తప్పించుకోవడానికి 26 కిలోల బస్తాలు వచ్చాయి. రెండు రకాలూ పక్కపక్కనే ఉంటే బస్తా ధర చూసి మోసపోకూడదు. 1300 పెట్టిన 26 కిలోల బస్తా కిలో 50 పడుతుంది. 1275కి వచ్చిన 25 కిలోలది కిలో 51 పడుతుంది. అక్కడ లెక్క తప్పితే తప్పు మనదే. విడి సరుకు తూచేటప్పుడు కాటా ముందు సున్నా చూపుతోందో లేదో చూడాలి. అట్టపెట్టె మిఠాయి ధరకు తూగకూడదు.

ఇవన్నీ మనకు తెలుసు, తెలియకపోతే ఎవరో ఒకరు చెబుతారు. ఖర్జూరం డబ్బా సంగతే ఎవరూ చెప్పరు.

దివ్యఖుర్ఆన్ 83వ సూరాకు పేరే అల్ ముతఫ్ఫిఫీన్, అంటే తూనికల్లో కొలతల్లో కోత పెట్టేవారు. తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించేవారిని ఆ సూరా మొదట్లోనే గట్టిగా హెచ్చరించడం జరిగింది. దీన్ని దుకాణదారులకు వర్తింపజేసి చదువుకోవడం మనకు హాయిగా ఉంటుంది. కానీ 44 కోసం లేచి, 210 దగ్గర కూర్చున్నవాళ్లం మేము. మా చేతిలో కాటా లేదు, అంతే తేడా.

హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ప్రతి ముస్లిం శ్రేయస్సూ కోరతానని దైవప్రవక్త (స) సమక్షంలో ప్రమాణం చేసిన సహాబీ. ఆయన మనిషి ఒకసారి 300 దిర్హములకు ఒక గుర్రాన్ని బేరమాడాడు. జరీర్ (రజి) గుర్రాన్ని చూసి, అది ఇంకా ఎక్కువ చేస్తుందని యజమానికి తానే చెప్పి, ధర పెంచుకుంటూ పోయి 800 దిర్హములు ఇచ్చారని ఉల్లేఖనం. అంత ఎత్తు మనకు అందదు, సరే. అక్కడ అమ్మినవాడు ఒప్పుకునే అమ్మాడు. మా ఇంట్లో ఉన్నది ఎవరూ ఒప్పుకోని డబ్బా.

అలాగని దుకాణదారు తెలిసి తగ్గించిన ధరను కూడా అనుమానించనక్కర్లేదు, అది ఆయన ఇష్టం. లెక్కలోకి రాని సరుకు వేరు. దాని ఖరీదును బిల్లు కొట్టిన కుర్రవాడి జీతంలోంచి కోసే దుకాణాలూ లేకపోలేదు.

అసర్ నమాజు తర్వాత తిరిగి వెళ్లాము. నెయ్యి మాట ముందెత్తితే బేరానికి వచ్చినట్టుంటుందని ఖర్జూరం సంగతే మొదట చెప్పి 210 ఇచ్చాము. కుర్రవాడు షావుకారు వైపు చూశాడు. తర్వాత డబ్బా మీది చీటీ చూపించాము. షావుకారు 44 లెక్కపెట్టి చేతిలో పెట్టాడు.

“అయితే భాయ్ గారూ, పొద్దుటి నుంచి అందరికీ ఏడువందలే పడుతోందన్నమాట” అన్నాడు.

అప్పటికే అదే రకం నెయ్యి డబ్బా పట్టుకుని ఒకావిడ మా వెనుక నిలబడి ఉంది.