తెల్ల కంకి వెనుక తల్లి పురుగు

మాది నరసన్నపేట దగ్గర పల్లె. వంశధార ఎడమ కాలువ నీటితో వరి పండించుకునే కుటుంబం. నిరుడు పంట ఈనే వేళ మా మడిలో అక్కడక్కడ కంకులు తెల్లగా, గింజ లేకుండా నిటారుగా నిలిచాయి. అప్పు తెచ్చి మందు కొట్టాం, ఫలితం లేదు. "సైన్సు సదువుతున్నావు గదా బాబూ, ఇదేటో సెప్పు" అన్నారు నాన్న. నా దగ్గర జవాబు లేదు.

ఒక తెల్ల కంకిని లాగితే సులువుగా చేతికొచ్చేసింది. కాడ చీల్చి చూద్దును గదా, లోపల లేత పసుపు గొంగళి పురుగు!

ఆ వారమే రాత్రి మా అరుగు మీది దీపానికి చిన్న చిన్న రెక్కల పురుగులు చేరాయి. ఒకదాన్ని సీసాలో పట్టి, కాలేజీ జువాలజీ లాబ్‌లో భూతద్దం కింద పెట్టాను. ముందు రెక్కలు ఎండుగడ్డి పసుపు, ఒక్కో రెక్కపై ఒక్కొక్క నల్లచుక్క, పొట్ట చివర పసుపు నూగు కుచ్చు. ఇవి ఆడపురుగు గుర్తులు. మగది కాస్త చిన్నది, గోధుమ రంగు, చుక్క మసక. దీని పేరు సిర్పోఫాగా ఇన్‌సెర్టులాస్. 1863లో దీన్ని వర్ణించినవాడు ఇంగ్లీషు శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ వాకర్. పాత పుస్తకాల్లో ట్రైపోరైజా అని ఉంటుంది, పురుగు ఒకటే. రైతు భాషలో కాండం తొలిచే పురుగు.

తల్లి పురుగు పైరును కొరకదు. ఆకు కొన దగ్గర గుడ్లు గుంపుగా పెట్టి, తన నూగుతో కప్పుతుంది. ఇంచుమించు వారానికి పిల్లలు బయటికొచ్చి, సన్నని దారంతో గాలికి వేలాడి పక్క దుబ్బులకు చేరి కాండంలోకి దూరతాయి. పిలకల దశలో దూరితే మొవ్వు ఎండుతుంది. తర్వాత దూరితే తెల్ల కంకి. నెలకు పైగా లోపలే తిని, బయటికి దారి తొలిచి ఉంచుకుని, కాండం అడుగున ప్యూపాగా మారి, చివరకు రెక్కలతో వస్తుంది. కోతయ్యాక కొన్ని మోళ్ళలోనే దాగి ఉంటాయి.

నాన్న ప్రశ్నకు జవాబు ఇదే. తెల్ల కంకి కనబడేసరికి పురుగు తన పని ముగించింది. ఇక మందు కొట్టి లాభమేముంది? అది మనకు దొరికేది దీపం దగ్గర, ఆకు కొన మీద, కోతల తర్వాత మోళ్ళలో. చదరపు మీటరుకు ఒక గుడ్ల గుంపు కనబడినా మేలుకోవాలి.

ఈ ఏడు ఉభాలకు ముందు నారు కట్టల కొనలు కత్తిరించి మట్టిలో కప్పేశాం. తెల్ల కంకులు తగ్గాయి గాని పోలేదు. రెక్కలున్న పురుగుకు గట్లు అడ్డా? మిత్రులారా, సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు మీ మళ్ళలోనూ ఆకు కొనలు చూడండి. చూసింది మీ నాన్నగారికీ, పక్క రైతుకూ చెప్పండి.