రాళ్ల వాన పడితే ఇంటి కప్పును ఎట్లా కాపాడుకోవాలి?



ఎండాకాలం సెలవులకు ఇంటికి పోయినప్పుడు మన మంథని దిక్కు గాలిదుమారం, రాళ్ల వాన తప్పకుండా చూస్తుంటాము. 2023 మార్చిలో కరీంనగర్ జిల్లా రామడుగు మండలంలో రాళ్ల వానకు పంటలు బాగా దెబ్బతిన్నవి. పంట సంగతి అందరూ మాట్లాడుతారు. ఇంటి కప్పు సంగతి మాత్రం ఇంటోళ్లే చూసుకోవాలె. అందుకే ఈ వ్యాసం.

రాళ్లు ఎట్లా తయారవుతాయి?
మార్చి నుండి మే వరకు నేల బాగా కాగుతుంది. వేడిగాలి తేమతో జోరుగా పైకి లేచి పెద్ద మబ్బు అవుతుంది. పైన చలికి నీటిబొట్టు గడ్డ కడుతుంది. కిందికి రాబోతే గాలి మళ్లీ పైకి ఎత్తుతుంది. ఈ విధంగా పొర మీద పొర పేరుకొని, గాలి మోయలేనంత బరువైనప్పుడు రాలుతుంది. నిమ్మకాయంత రాయి గంటకు సుమారు 60 కిలోమీటర్ల వేగంతో, అంటే ఉరుకుతున్న బస్సు వేగంతో పడుతుంది. ఇక గూనపెంకు ఆగుతుందా?

వాన పడేటప్పుడు
కప్పు పగిలినా ఎవరూ బయటికి ఉరకొద్దు. 1888లో ఉత్తరప్రదేశ్ లోని మొరాదాబాద్ లో రాళ్ల వానకు 246 మంది చనిపోయారు. మంచం కిందికో, దూలం ఉన్న గోడ పక్కకో పోవాలి. కరెంటు మెయిన్ బంద్ చేయాలి. బియ్యం, పుస్తకాలు, సర్టిఫికెట్లు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోవాలి. కులం సర్టిఫికెట్ తడిస్తే మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరుగుడే.

వాన వెలిసినాక
1. వెంటనే కప్పు ఎక్కొద్దు. మా చిన్నాయన తడి రేకు మీద కాలు పెట్టిండు. రేకు విరిగి లోపల పడ్డడు. కాలు విరిగి ఆ ఏడు ఎవుసమే చేయలేదు. రేకు పైసలు పెడితే మళ్లీ వస్తుంది, కాలు వస్తుందా? కప్పు ఆరినాక, బలమైన చెక్కను వాసాల మీద అడ్డం పరిచి దాని మీదనే నడవాలి. కింద ఒకరు నిచ్చెన పట్టుకోవాలి.
2. ఆ రాత్రికి పరద కప్పితే చాలు. పరద కొప్పు దాటి అవతలికి రావాలి, లేకుంటే నీళ్లు దాని కిందికే పోతాయి.
3. గూనపెంకులు చూరు నుండి మొదలుపెట్టి కొప్పు దాకా సదరాలి. కింది వరుస వెల్లకిలా, పై వరుస బోర్లా ఉండాలి. కోతులకు భయపడి ఎట్లాగూ నాలుగు పెంకులు దాచిపెడతాము కదా, అవి ఇప్పుడు పనికొస్తాయి.
4. సిమెంటు రేకు చిన్నగా పగిలితే గోనెసంచి ముక్కను తారులో ముంచి అతికించవచ్చు. కొత్త రేకు వేస్తే పై రేకు కింది రేకు మీదికి 6 అంగుళాలు రావాలి. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. దాని దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. కాబట్టి ముక్కలను నీళ్లు చల్లి ఎత్తాలి. పొడిగా ఊడ్వొద్దు, చిన్నపిల్లలను ఆడనీయొద్దు.

సర్కారు సాయం
రాళ్ల వాన ప్రకృతి విపత్తుల జాబితాలో ఉన్నది. 2022-23 నుండి 2025-26 వరకు కేంద్రం పెట్టిన లెక్క ప్రకారం, కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి రూ. 6,500, కచ్చా ఇంటికి రూ. 4,000, గుడిసెకు రూ. 8,000. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా కూలితే రూ. 1,20,000. ఎంత దెబ్బతిన్నదో అధికారి వచ్చి చూస్తేనే రాస్తాడు. కాబట్టి బాగుచేయక ముందే ఫోటో తీసి, పగిలిన ముక్కలు కుప్ప పెట్టి, పంచాయతీ సెక్రటరీకి చెప్పాలి. తహశీల్దారుకు దరఖాస్తు ఇచ్చి నకలు మీద సంతకం తీసుకోవాలి.

మన అవ్వాబాపులలో చాలామందికి దరఖాస్తు రాయరాదు. మనకు వచ్చు. ఈసారి రాళ్ల వాన పడితే ముందు బాపును కప్పు ఎక్కకుండ ఆపండి, తర్వాత కాగితం, కలం తీయండి. మన ఇంటిదే కాదు, పక్కింటిది కూడా రాసిపెట్టండి.