చదువుతూనే కోట్ల డీల్... కాగితంలో ఏముంది?

ప్లేస్‌మెంట్ల సీజన్ మొదలైతే మీ కాలేజీ క్యాంటీన్‌లో ఏం వినిపిస్తుంది? 'ప్యాకేజీ ఎంత?', 'ఆఫర్ లెటర్ చేతికొచ్చిందా, నోటిమాటేనా?', 'బాండ్ ఎన్నేళ్లు?'. అమెరికాలో డిగ్రీ చదువుతూ యూనివర్సిటీ జట్టుకు ఫుట్‌బాల్ ఆడే కుర్రాడి హాస్టల్ గదిలోనూ ఇప్పుడు అవే ప్రశ్నలు. 2021 జూన్ దాకా అతను ఆట పేరుతో బయట ఒక్క డాలర్ తీసుకున్నా జట్టులోంచి గెంటేసే పరిస్థితి.

ఫుట్‌బాల్ అనగానే మెస్సీ గుర్తొస్తే ఆగండి. ఇది కోడిగుడ్డు ఆకారం బంతితో, హెల్మెట్లు, ప్యాడ్లు వేసుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. అక్కడ కాలేజీ మ్యాచ్‌కున్న క్రేజ్ మనకు ఐపీఎల్‌కు ఉన్నంత. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో లక్ష మందికి పైగా కూర్చోవచ్చు. టీవీ హక్కుల డబ్బు ఏటా వందల కోట్ల డాలర్లు. అలబామా జట్టు కోచ్‌గా నిక్ సేబన్ ఏడాదికి కోటి డాలర్లకు పైగా జీతం తీసుకున్నారు. మరి మైదానంలో దెబ్బలు తినేవాళ్లకు? స్కాలర్‌షిప్, అంటే ఫీజు, గది, భోజనం. కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ వాళ్లను 'స్టూడెంట్ అథ్లెట్' అంటుంది. 1950ల్లో పుట్టిన ఈ మాట వెనక ఒక లెక్క ఉంది. ఆటగాడిని ఉద్యోగి అంటే, గాయపడినప్పుడు పరిహారం ఇవ్వాల్సి వస్తుంది!

రూల్స్ ఎంత కఠినమో చూడండి. తమకొచ్చిన ఉంగరాలు, జెర్సీల్లాంటివి అమ్ముకున్నారని, టాటూలు వేయించుకున్నారని ఒహాయో స్టేట్ ఆటగాళ్లు ఐదుగురిపై 2010లో ఐదేసి మ్యాచ్‌ల వేటు పడింది. రెజీ బుష్ అయితే 2005లో గెలిచిన హైజ్‌మన్ ట్రోఫీనే 2010లో వదులుకోవాల్సి వచ్చింది. అది తిరిగి అతని చేతికొచ్చేసరికి 2024.

కట్టడి ఎలా తెగింది?

మొదట కదిలించింది ఓ వీడియో గేమ్. ఎడ్ ఒబానన్ అనే మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు గేమ్‌లో తనలాంటి బొమ్మను చూసి 'నా రూపంతో వ్యాపారం చేస్తూ నాకేమీ ఇవ్వరా?' అని 2009లో కేసు వేశాడు. 2019లో కాలిఫోర్నియా రాష్ట్రం ఆటగాళ్లకు అనుకూలంగా చట్టం చేసింది. చదువుకు సంబంధించిన ప్రయోజనాలపై ఎన్‌సీఏఏ పెట్టిన పరిమితులు చెల్లవని 2021 జూన్‌లో సుప్రీంకోర్టు 9-0తో తేల్చింది. పది రోజుల తర్వాత, జులై 1న ఎన్‌సీఏఏ దిగొచ్చింది. సొంత పేరు, ఫొటో, ఇమేజ్‌తో ప్రకటనలు చేసుకోవచ్చంది. దీన్నే 'ఎన్ఐఎల్' అంటున్నారు.

తొలినాళ్లు సరదాగానే గడిచాయి. నెబ్రాస్కా జట్టులో డికోల్డెస్ట్ క్రాఫోర్డ్ అనే కుర్రాడు ఉండేవాడు. పలికితే ఇంగ్లిష్‌లో 'అందరికంటే చల్లని' క్రాఫోర్డ్ అని వినిపిస్తుంది. ఏసీలు బాగుచేసే స్థానిక కంపెనీ వెంటనే అతన్ని ప్రకటనలోకి తీసుకుంది. టెక్సస్ ఆటగాడు బీజాన్ రాబిన్సన్ తన పేరు మీద ఆవపిండి సాస్ అమ్మాడు.

తర్వాత అసలు డబ్బు దిగింది. యూనివర్సిటీ అభిమానులు, డబ్బున్న పూర్వ విద్యార్థులు చందాలు పోగేసి 'కలెక్టివ్'లు పెట్టారు. టెక్సస్‌లో అయితే పేరు, ఫ్యాన్ ఫాలోయింగ్ పెద్దగా ఉండని లైన్‌మెన్‌కు కూడా సేవా కార్యక్రమాల్లో పాల్గొన్నందుకు ఏడాదికి తలా 50,000 డాలర్లు, అంటే మన లెక్కలో 40 లక్షలకు పైనే ఇస్తామని 2021 డిసెంబరులో ప్రకటించారు. పేరుకు సేవ, ప్రచారం. జరిగేది జట్టులోకి రప్పించడం, ఉన్నవాళ్లను నిలబెట్టుకోవడం. కాలేజీ మారే నిబంధనలూ సడలడంతో ఆటగాళ్లు సీజన్ సీజన్‌కీ బేరమాడుకునే వీలు కలిగింది. సాఫ్ట్‌వేర్‌లో జంప్ కొడితే హైక్ వచ్చినట్టే అనుకోండి.

ఇప్పుడు యూనివర్సిటీలే నేరుగా చెల్లిస్తున్నాయి. 2025 జూన్ 6న కోర్టు ఆమోదించిన 'హౌస్' ఒప్పందం ప్రకారం, 2016 నుంచి ఆడినవాళ్లకు బకాయిలుగా దాదాపు 280 కోట్ల డాలర్లు పదేళ్లలో ఇస్తారు. జులై 1 నుంచి ఒక్కో యూనివర్సిటీ తన ఆటగాళ్లకు తొలి ఏడాది సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా పంచవచ్చు. రూపాయల్లో 170 కోట్ల పైమాటే. ఇందులో సింహభాగం ఫుట్‌బాల్‌కే పోతోంది. ఈత, టెన్నిస్ లాంటి ఆటలవాళ్లకు మిగిలేది చిల్లరే. టెనెసీ యూనివర్సిటీ ఈ ఖర్చు కోసమే 2025 సీజన్ టికెట్లపై పది శాతం 'టాలెంట్ ఫీజు' వేసింది.

నోటిమాట ఖరీదు

ఇక్కడి నుంచి కథ మీకు బాగా తెలిసినట్టే ఉంటుంది. మాథ్యూ స్లూకా అనే క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టు ఆటంతా నడిపించే కుర్రాడు, 2024లో లాస్‌వేగస్‌లోని నెవాడా యూనివర్సిటీకి వెళ్లాడు. జట్టు మూడుకు మూడు మ్యాచ్‌లూ గెలిచింది. అంతలో 'ఇక ఆడను' అని వెళ్లిపోయాడు. కోచ్‌లలో ఒకరు లక్ష డాలర్లు ఇప్పిస్తామని నోటిమాటగా చెప్పారని, చేతికొచ్చింది మకాం మార్చినందుకు ఇచ్చిన 3,000 డాలర్లేనని అతని ఏజెంట్ వాదన. అతని తరఫున వచ్చిన డబ్బు డిమాండ్లు నిబంధనలకే విరుద్ధమని యూనివర్సిటీ జవాబు. ఎవరి మాట నిజమో తేల్చడానికి కాగితం లేదు. 'హెచ్‌ఆర్ ఫోన్‌లో చెప్పారు' అని నమ్మి చేతిలో ఉన్న ఆఫర్ వదులుకున్న సీనియర్ మీ కాలేజీలోనూ ఒకరుంటారు.

కాగితం ఉన్నా చాలదని జర్వాన్ డెక్స్టర్ ఉదంతం చెబుతుంది. ఫ్లోరిడా జట్టులో ఉండగా 2022లో ఓ పెట్టుబడి సంస్థ నుంచి 4.36 లక్షల డాలర్లు తీసుకున్నాడు. బదులుగా ప్రొఫెషనల్ లీగ్‌లో సంపాదించే ప్రతి డాలర్‌లో 15 సెంట్లు, పన్ను కట్టకముందే, 25 ఏళ్ల పాటు ఆ సంస్థకు ఇవ్వాలి. మరుసటి ఏడాది లీగ్‌లో చోటు దొరికాక ఒప్పందం చెల్లదంటూ కోర్టుకెళ్లాడు. ఇరవై ఏళ్ల వయసులో అంత డబ్బు కళ్లముందుంటే చివరి పేజీలోని 'ఎన్నేళ్లు' అన్న గడిని ఎంతమంది చూస్తారు? రెండేళ్ల సర్వీస్ బాండే మనలో చాలామంది చదవకుండా సంతకం చేస్తాం.

పన్ను సంగతి ఇంకోటి. వీళ్లు ఉద్యోగులు కారు కాబట్టి ప్రకటనల డబ్బులో ముందే కోత పడదు. మొత్తం ఖాతాలోకి వస్తుంది, కారు కొనేస్తారు, తర్వాత పన్ను బిల్లు వస్తుంది. ఉద్యోగి కాకపోవడంలో అసలు నష్టం మాత్రం అది కాదు. డబ్బు పెరిగినా కార్మికులకుండే రక్షణలు, యూనియన్, సామూహిక బేరం వీళ్లకు ఇంకా లేవు. ప్యాకేజీ ఉంది, ఉద్యోగం లేదు. నాకైతే ఈ మార్పు మొత్తంలో పరిష్కారం కాని ముడి ఇదే అనిపిస్తుంది.

ఈ డబ్బు చుట్టూ కొత్త కొలువులూ పుట్టాయి. స్టాన్‌ఫర్డ్ 2024లో తన ఫుట్‌బాల్ జట్టుకు జనరల్ మేనేజర్‌గా పూర్వ ఆటగాడు ఆండ్రూ లక్‌ను తెచ్చుకుంది. 600 డాలర్లు, ఆపైన ఉన్న ప్రతి బయటి డీల్‌నూ ఒక ఆన్‌లైన్ వేదికలో నమోదు చేయాలి. అది సరైన ధరేనా అని చూసే వేదికను నడిపేది డెలాయిట్. అవును, మన హైదరాబాద్ కుర్రాళ్లు క్యాంపస్‌లో రాసే అదే డెలాయిట్. కాంట్రాక్టు లా, కంప్లయన్స్, ఆటగాడి విలువ లెక్కగట్టే డేటా పని... మైదానంలోకి దిగనివాళ్లకూ దారులున్నాయి.

ఆ యూనివర్సిటీలకే ఎంఎస్‌కు వెళ్లాలనుకుంటున్నారా? అయితే ఒక సంగతి తెలుసుకోండి. ఎఫ్-1 వీసా మీదున్న విదేశీ ఆటగాళ్లకు ఈ సంబరం చాలావరకు దూరమే. సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటల పని వరకే అనుమతి, బయటి పనికి విడిగా అనుమతి కావాలి. అందుకే కెంటకీ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఆస్కార్ షీబ్వే 2022లో జట్టుతో బహమాస్ వెళ్లినప్పుడు, అమెరికా గడ్డ మీద కాకుండా అక్కడ ప్రకటనల పనులు చేసుకున్నాడు. స్టార్ ఆటగాడికే ఈ తిప్పలైతే, అక్కడికెళ్లాక ఏ బిర్యానీ రెస్టారెంటో డబ్బిచ్చి రీల్ చేయమంటే మీరు చేయొచ్చా? వాట్సాప్ గ్రూపులో సీనియర్లను కాదు, యూనివర్సిటీ ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసును అడగండి. జవాబు మెయిల్‌లో తీసుకోండి.